టెన్యూర్ గడియారం సరే, వీసా గడియారం సంగతేంటి?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో మార్కెటింగ్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. 2022 ఆగస్టులో టెన్యూర్ ట్రాక్‌లో, అంటే కొన్నేళ్ల ప్రొబేషన్ తర్వాత ఉద్యోగం పర్మనెంట్ (టెన్యూర్) అయ్యే దారిలో చేరాను. ఇది నాలుగో ఏడు. మూడో ఏడాది రివ్యూ బాగానే జరిగింది. ఇంకో రెండేళ్లలో టెన్యూర్ ఫైలు పెట్టాలి.

మా ఎం.ఎస్. బిజినెస్ అనలిటిక్స్‌లో రెండేళ్ల కిందట కుర్చీలు చాలక పక్క గదిలోంచి తెచ్చుకునేవాళ్లం. క్లాసులో సగానికి పైగా మన తెలుగు పిల్లలే. ఈ ఫాల్ సెమిస్టర్‌లో (ఆగస్టులో మొదలయ్యేది) కొందరికి వీసాలు రాలేదు, కొందరు వచ్చినా భయపడి ఆగిపోయారు. మూడు సెక్షన్లు కలిపి ఒకటి చేశారు. సెప్టెంబరులో ప్రోవోస్ట్ (యూనివర్సిటీలో చదువుల వ్యవహారాలు చూసే పెద్ద అధికారి) నుంచి ‘ప్రోగ్రామ్ రివ్యూ’ అంటూ మెయిల్ వచ్చింది. నలుగురు లెక్చరర్లకు వచ్చే ఏడాది కాంట్రాక్టు లేదని చెప్పేశారు. టెన్యూర్ ఉన్న పెద్దవాళ్లకు కొంత డబ్బిచ్చి స్వచ్ఛందంగా వెళ్లిపొమ్మంటున్నారు. వాళ్లనే కదిలిస్తుంటే నా పరిస్థితి ఏంటి?

నాది హెచ్1బీ వర్క్ వీసా. మా ఆయన నా మీద ఆధారపడిన హెచ్4 మీద ఉన్నారు, ఈఏడీ అనే పని అనుమతితో ఉద్యోగం చేస్తున్నారు. బాబుకి ఐదేళ్లు. యూనివర్సిటీ వాళ్లు మొదట్లోనే ఈబీ2 అనే గ్రీన్‌కార్డు కోవలో నాకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్) వేశారు, అప్రూవ్ అయి ఏడాది దాటింది.

నాన్నగారు నరసరావుపేటలో జూనియర్ లెక్చరర్‌గా రిటైరయ్యారు. ‘పర్మనెంట్ అవుతుందన్నావు కదమ్మా, రెండేళ్లు ఓపిక పట్టు’ అంటారు. మా ఆయనేమో ఇప్పుడే వేరేచోట చూసుకోమంటారు. నన్ను ఏరికోరి తీసుకున్న మా డిపార్ట్‌మెంట్ చైర్ చాలా మంచావిడ. ఆవిడకు తెలియకుండా అప్లికేషన్లు పెట్టడం ద్రోహం చేసినట్టు అనిపిస్తోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. టెన్యూర్ కోసం ఆగనా, వెళ్లిపోనా? అసలు టెన్యూర్ వచ్చినా గ్యారంటీ ఏముంది?

ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, మిడ్‌వెస్ట్

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టెన్యూర్ గురించి బోలెడు రాశారు. వీసా గురించి రెండు ముక్కలు రాసి వదిలేశారు. నాకు గుబులు పుట్టింది ఆ రెండు ముక్కల దగ్గరే. పాతికేళ్లు అకౌంటింగ్ చెప్పినదాన్ని కదా, లాభం కంటే ముందు అప్పు ఎక్కడుందో చూడటం అలవాటైపోయింది. మీ ఇంట్లోకి రెండు జీతాలు వస్తున్నట్టు కనిపిస్తోంది గానీ, రెండూ మీ ఒక్కరి హెచ్1బీకే వేలాడుతున్నాయి. మీ ఉద్యోగం పోతే మీవారి హెచ్4 పోతుంది, దాని వెనకే ఈఏడీ, దాని వెనకే ఆయన ఉద్యోగం. టెన్యూర్ ఇవ్వకపోతే యూనివర్సిటీ మామూలుగా ఇంకో ఏడాది ఉంచుకుని పంపిస్తుంది. ఉద్యోగమే తీసేస్తే హెచ్1బీ వాళ్లకు దొరికేది 60 రోజులు. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే అయిపోతుంటే ఆ అరవై కూడా ఉండవు. కాబట్టి ‘ఆగనా, వెళ్లిపోనా’ అన్నది కాసేపు పక్కన పెట్టండి. ఆ 60 రోజుల్ని మీ గుమ్మానికి ఎంత దూరంగా నెట్టగలమో ముందు చూద్దాం.

అందుకు టెన్యూర్ అంటే ఏమిటో కొంచెం తవ్వక తప్పదు. టెన్యూర్ అమెరికా చట్టం ఇచ్చిన హక్కని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 1915లో ప్రొఫెసర్లు పెట్టుకున్న ఏఏయూపీ అనే సంఘం, కాలేజీల సంఘంతో కలిసి 1940లో ఒక ప్రకటన చేసింది. ప్రొబేషన్ ఏడేళ్లు మించకూడదు. ఆ తర్వాత తగిన కారణం చూపకుండా తీసేయకూడదు. నిజంగా ఆర్థికంగా చితికిపోయే పరిస్థితి వస్తే అది వేరు. మీ ఆరో ఏడాది ఫైలు, ఫైలు తప్పితే వచ్చే ఆఖరి ఏడాది, ఈ లెక్కలన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. అయితే ఆ ప్రకటన పట్టుకుని కోర్టుకెళితే అంతటితో పని జరగదు. మీ యూనివర్సిటీ తన ఫ్యాకల్టీ హ్యాండ్‌బుక్‌లోనో, యూనియన్ ఉంటే ఆ ఒప్పందంలోనో దాన్ని ఎంతవరకు రాసుకుందో అంతవరకే దానికి బలం.

అందుకని ప్రోవోస్ట్ మెయిల్ మళ్లీ మళ్లీ చదవడం మానేసి హ్యాండ్‌బుక్ తెరవండి. ముందు వెతకాల్సింది, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను కొనసాగించకపోతే ఎన్నాళ్ల ముందు చెప్పాలన్న పేజీ. ఏఏయూపీ ప్రమాణం ప్రకారం ఒకే సంస్థలో రెండేళ్లు దాటినవాళ్లకు కనీసం 12 నెలల ముందు నోటీసు ఇవ్వాలి. చాలా స్టేట్ యూనివర్సిటీలు ఆ మాటనే ఎత్తి రాసుకున్నాయి. మీ దాంట్లో ఉంటే, రేపు నోటీసు ఇచ్చినా మీకు ఏడాది జీతం, ఏడాది హెచ్1బీ ఉన్నట్టే. 60 రోజుల లెక్క నోటీసు అందిన రోజు నుంచి మొదలవదు, ఉద్యోగం ఆగిన రోజు నుంచి మొదలవుతుంది. అంటే రెండు నెలలనుకుని భయపడుతున్న గడువు పద్నాలుగు నెలలు కావచ్చు. మీ లెక్చరర్లకు ఆ రక్షణ లేదు. వాళ్ల కాంట్రాక్టు ఏడాదికో, రెండేళ్లకో ముగుస్తుంది, మళ్లీ రాయరు, అంతే. వాళ్లకు జరిగింది చూసి మీకూ అలాగే జరుగుతుందని అనుకోవద్దు.

తర్వాత చూడాల్సింది, టెన్యూర్ ఎక్కడ ఉంటుందన్న మాట. ఇది చాలామంది ప్రొఫెసర్లకే తెలియదు. కొన్నిచోట్ల టెన్యూర్ మొత్తం యూనివర్సిటీలో ఇస్తారు, కొన్నిచోట్ల ఒక కాలేజీలోనో, డిపార్ట్‌మెంట్‌లోనో, ఒక క్యాంపస్‌లోనో ఇస్తారు. విస్కాన్సిన్‌నే చూడండి. ఆ రాష్ట్రంలో టెన్యూర్ 2015 దాకా రాష్ట్ర చట్టంలోనే రాసి ఉండేది, అలా ఉన్న రాష్ట్రాలు అరుదు. ఆ ఏడాది బడ్జెట్ చట్టంలో దాన్ని తీసేసి రీజెంట్ల (యూనివర్సిటీలను నడిపే బోర్డు) చేతికిచ్చారు. 2024 ఆగస్టులో యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్ మిల్వాకీలో, మూతపడుతున్న కాలేజ్ ఆఫ్ జనరల్ స్టడీస్‌కి చెందిన 32 మంది టెన్యూర్ ఉన్నవాళ్లను తీసేయడానికి అదే బోర్డు ఒప్పుకుంది. యూనివర్సిటీ నడుస్తూనే ఉంది. వాళ్ల టెన్యూర్ ఏ కాలేజీలో ఉందో ఆ కాలేజీ మూతపడింది.

మూడోది, ఏ పరిస్థితిలో తీసేయొచ్చని రాసుకున్నారో ఆ పేజీ. ‘ఆర్థిక అత్యవసర పరిస్థితి’ అని ఉంటే దాన్ని నిరూపించడం వాళ్లకు కష్టం. ‘ప్రోగ్రామ్ నిలిపివేత’, ‘పునర్వ్యవస్థీకరణ’ లాంటి మాటలుంటే చాలా తేలిక. 2023 సెప్టెంబరులో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ 4.5 కోట్ల డాలర్ల లోటు చూపించి 28 మేజర్లు, 143 ఫ్యాకల్టీ పోస్టులు కోసేసింది. ఆ దెబ్బ ఎక్కువగా విదేశీ భాషల మీద పడింది. కాన్సాస్‌లో ఎంపోరియా స్టేట్ 2022లో 33 మందిని పంపించింది, అందులో టెన్యూర్ ఉన్నవాళ్లూ ఉన్నారు. ఒహాయోలో యాక్రన్ యూనివర్సిటీ 2020లో కోవిడ్ పేరు చెప్పి, యూనియన్ ఒప్పందంలో ఎవరూ పట్టించుకోకుండా ఒక మూలన పడి ఉన్న వాక్యాన్ని బయటికి తీసి, దాదాపు వందమంది ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీని వదిలించుకుంది. అనుకోని విపత్తులో మామూలు నియమాలు వర్తించవన్నది ఆ వాక్యం. యూనియన్ మధ్యవర్తి దగ్గరకి వెళ్లి ఓడిపోయింది.

ఈ పేజీలు చదివేటప్పుడు ‘సాధారణంగా’, ‘వీలైనంతవరకు’ అన్న మాటలు కనిపిస్తే పెన్నుతో గీత గీసుకోండి. వాటిని అక్కడ పెట్టింది ఊరికే కాదు.

ఇప్పుడు బిజినెస్ స్కూల్ దగ్గరకొద్దాం. పై ఉదాహరణల్లో దెబ్బ తిన్నది ఎక్కువగా భాషలు, చరిత్ర, తత్వశాస్త్రం లాంటివి. బిజినెస్ స్కూల్ అమెరికా యూనివర్సిటీలో సంపాదించే పెద్దకొడుకు. ఎంబీఏ, ఎం.ఎస్. ఫీజులతోనే ఇంట్లో మిగతావాళ్లకి కూడు. అందుకే ముందు తమ్ముళ్లకి కోత పెడతారు, పెద్దవాడి జోలికి రారు. అయితే ఆ పెద్దకొడుకు సంపాదనలో పెద్ద ముక్క ఇప్పుడు విదేశీ విద్యార్థులది, వాళ్లలోనూ మనవాళ్లది. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది; చైనాని దాటి మొదటి స్థానం. మరుసటి ఏడాది 3,63,019. 2025 ఫాల్‌లో కొత్తగా చేరిన విదేశీ విద్యార్థులు 17 శాతం తగ్గారు. దీనికి తోడు అమెరికాలో జననాలు 2007లో శిఖరానికి చేరి అక్కణ్ణుంచి దిగుతున్నాయి. ఆనాటి పిల్లలకు 2025లో పద్దెనిమిది. అంటే స్వదేశీ విద్యార్థులూ ఇకమీదట తగ్గేవాళ్లే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కన్సల్టెన్సీ ముందు క్యూ తగ్గితే మీ మిడ్‌వెస్ట్ క్లాసులో కుర్చీలు ఖాళీ అవుతాయని, ఇరవై ఏళ్ల కిందట ఎవరైనా చెబితే నవ్వి ఉండేదాన్ని.

పేరున్న బిజినెస్ స్కూళ్లే ఫుల్‌టైమ్ ఎంబీఏ ఎత్తేశాయి. వేక్ ఫారెస్ట్ 2014లో, అయోవా 2017లో, ఇల్లినాయ్ 2019లో ఆ నిర్ణయం ప్రకటించాయి. కాకపోతే ఆన్‌లైన్, పార్ట్‌టైమ్, స్పెషలైజ్డ్ మాస్టర్స్ వైపు బండి తిప్పుకున్నాయి గనక, చెప్పేవాళ్లు అక్కడా కావాల్సి వచ్చింది. ఈసారి ఆ స్పెషలైజ్డ్ మాస్టర్సే కుంగుతున్నాయి. అందుకే మీ భయం ఉత్తిది అనడం లేదు.

టెన్యూర్ లేని దేశంలో ఏం జరుగుతుందో ఒక ముక్క. బ్రిటన్‌లో 1988 విద్యా సంస్కరణ చట్టంతో కొత్తవాళ్లకు టెన్యూర్ పోయింది. 2021లో లెస్టర్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో ‘క్రిటికల్ మేనేజ్‌మెంట్’, పొలిటికల్ ఎకానమీ మీద రాసేవాళ్లను ఏరి రిడండెన్సీ (ఉద్యోగం ఇక అక్కర్లేదని తీసేసే) జాబితాలో పెట్టారు. ఏ విషయం మీద రాస్తున్నారన్నదే అక్కడ కొలబద్ద. అది చూశాక, టెన్యూర్ ఎంత చిల్లులు పడ్డ గొడుగైనా వానలో పారేయాల్సిన వస్తువు కాదనిపిస్తుంది నాకు.

మీకు బలం ఇచ్చే లెక్క కూడా ఒకటుంది. బిజినెస్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే ఏఏసీఎస్‌బీ అనే సంస్థ ముద్ర ఉన్న స్కూలైతే, ఫ్యాకల్టీలో కనీసం 40 శాతం ‘స్కాలర్లీ అకడమిక్’ అనే కోవలో ఉండాలి. అంటే పీహెచ్‌డీ ఉండి, ఇటీవల పేపర్లు వేస్తున్నవాళ్లు. ఇరవై ఏళ్ల కిందట టెన్యూర్ తెచ్చుకుని పేపర్లు ఆపేసిన ఫుల్ ప్రొఫెసర్ ఆ లెక్కలోకి రాడు. మీరు వస్తారు. పైగా మీ జీతం ఆయనకంటే తక్కువే అయి ఉంటుంది. ముందు లెక్చరర్లను ఆపి, తర్వాత పెద్దవాళ్లకు డబ్బిచ్చి పంపుతున్నారంటే, మీ డీన్ ఈ లెక్క వేసుకునే ఉంటాడు. ఇది చదివి కాస్త ఊపిరి పీల్చుకోండి, పూర్తిగా మాత్రం కాదు.

మా స్కూల్లో ఒకప్పుడు ఇలాంటి కోతల వసంతమే వచ్చింది. ఎవరైనా వెళ్లిపోతుంటే గది ముందు బల్ల వేసి, పబ్లిషర్లు పంపిన పాఠ్యపుస్తకాలు పేర్చి, ‘ఫ్రీ’ అని కాగితం అంటించేవాళ్లు. ఆ ఏడు మా వరండాలో అలాంటి బల్లలు మూడు. అందులో ఒకటి ఆపరేషన్స్ చెప్పే ఆయనది. 22 ఏళ్ల సర్వీసు, టెన్యూర్, ఫుల్ ప్రొఫెసర్. ఆయన టెన్యూర్ బ్రాంచి క్యాంపస్‌లో రాసి ఉందని, ఆ క్యాంపస్ మూసేదాకా ఆయనకే తెలియదు. ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని నా గదికి వచ్చాడు. “దీన్ని ఒక్క పేజీ చేయాలట, కంపెనీవాళ్లు అంతకంటే చదవరట” అన్నాడు. సీవీ 31 పేజీలుంది. ఇద్దరం కూర్చుని కొట్టేస్తూ పోయాం. ముందు పోయింది కమిటీల పని, అదే తొమ్మిది పేజీలు. క్యాలెండర్ కమిటీ, పార్కింగ్ అప్పీళ్ల కమిటీ, గ్రాడ్యుయేషన్ గౌన్ల కమిటీ కూడా ఉంది. ఒక్కొక్కటి సెలెక్ట్ చేసి డిలీట్ కొడుతుంటే ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. చివరికి మిగిలింది పదకొండు పేపర్లు, ఒక ఆసుపత్రికి చేసిపెట్టిన షెడ్యూలింగ్ పని. ఉద్యోగం తెచ్చిపెట్టింది ఆ ఆసుపత్రి పనే.

అది మనసులో పెట్టుకుని, వచ్చే సెమిస్టర్‌లో ‘ప్రోగ్రామ్ రివ్యూ టాస్క్‌ఫోర్స్‌లో జూనియర్ ఫ్యాకల్టీ తరఫున ఉండండి’ అని ఎవరైనా మర్యాదగా అడిగితే, అంతే మర్యాదగా తప్పుకోండి. ఆ గంటలు మీ పేపర్ల మీద పెట్టండి. సేవ మీ యూనివర్సిటీలోనే ఉండిపోతుంది, పేపర్లు మీతో వస్తాయి. బిజినెస్ రంగంలో పెద్దవిగా లెక్కించే యూటీ డాలస్ జాబితాలోని 24 జర్నల్స్‌లోనో, ఫైనాన్షియల్ టైమ్స్ 50లోనో రివైజ్ చేసి పంపమన్న పేపరు ఒకటి చేతిలో ఉంటే, మిగతావన్నీ పక్కన పెట్టి దాన్ని పూర్తి చేయండి. మీ స్కూల్ టెన్యూర్‌కి అంత పెద్ద జర్నల్ అక్కర్లేకపోవచ్చు, బయటి మార్కెట్‌కి కావాలి.

ఇప్పుడు వీసా. నేను లాయర్ని కాను. ఇక్కడ రాసేది మీరు లాయరు దగ్గర ఏమేం అడగాలో చెప్పడానికే. యూనివర్సిటీ లాయరు యూనివర్సిటీకి లాయరు. సొంత డబ్బుతో ఒక గంట బయటి లాయరును కలవండి.

మీ ఐ-140 అప్రూవ్ అయి ఏడాది దాటిందన్నారు, అది శుభం. 180 రోజులు దాటాక యూనివర్సిటీ దాన్ని వెనక్కి తీసుకున్నా మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు క్యూలో మీ చోటు చెప్పే తేదీ) మీదే, ఆరేళ్ల తర్వాత హెచ్1బీ పొడిగింపుకీ అది పనికొస్తుంది. అయితే ఈబీ2లో మన దేశం క్యూ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అసలు అడగాల్సింది ఈబీ1బీ గురించి. ‘అవుట్‌స్టాండింగ్ ప్రొఫెసర్’ అనే ఈ దారికి కనీసం మూడేళ్ల అనుభవం, టెన్యూర్ ట్రాక్ ఉద్యోగం, మీ రంగంలో అంతర్జాతీయ గుర్తింపు ఉందని చూపే ఆధారాలు కావాలి, టెన్యూర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆ ఉద్యోగానికి ముందు అమెరికన్లను వెతికామని కార్మిక శాఖకు చూపే లేబర్ సర్టిఫికేషన్ పని లేదు. మీ పాత ప్రయారిటీ డేట్ ఇక్కడికీ వస్తుంది. ఈబీ1లోనూ మనకు క్యూ ఉంది గానీ ఈబీ2 ముందు అది చిన్నదే. దీన్ని యూనివర్సిటీయే వేయాలి కాబట్టి, యూనివర్సిటీ మిమ్మల్ని ‘మా అసిస్టెంట్ ప్రొఫెసర్’ అని చెప్పుకుంటున్న ఈ రోజుల్లోనే వేయించుకోవాలి. ఎల్లుండి మీ స్కూల్లో ఎవరి కుర్చీ ఎక్కడుంటుందో తెలియదు.

కొందరు లాయర్లు ఎన్‌ఐడబ్ల్యూ (దేశ ప్రయోజనం పేరుతో అడిగే మినహాయింపు) వేద్దాం అంటారు. అదీ ఈబీ2యే. మీకు కొత్తగా క్యూ ఏమీ తగ్గదు. సొంతంగా వేసుకోవచ్చు కాబట్టి యజమాని మీద ఆధారపడక్కర్లేదన్నది ఒక్కటే లాభం. ఫీజు కట్టే ముందు ఆ లాభం మీకు ఇప్పుడు కావాలో లేదో ఆలోచించుకోండి. ఇంకో చిన్న మెలిక. ఒక సంస్థ ఆరు నెలల్లోపు అదే రకం ఉద్యోగాల్లో జనాన్ని తీసేసి ఉంటే, అక్కడ లేబర్ సర్టిఫికేషన్ వేయడం చిక్కవుతుంది. తీసేసినవాళ్లలో అర్హులకు ముందు చెప్పాలి. మీకు ఆ అంకం దాటిపోయింది, మీ అదృష్టం. మీ తర్వాత చేరిన మనవాళ్లు ఎవరైనా ఉంటే ఈ మాట వాళ్ల చెవిన వేయండి.

ఇక మీవారు. ఆయన కంపెనీ మార్చిలో ఆయన పేరు హెచ్1బీ లాటరీలో వేస్తుందేమో అడగమనండి. వస్తే అక్టోబరు నుంచి ఆయన కాళ్ల మీద ఆయన నిలబడతారు, అవసరమైతే మీరు హెచ్4కి మారి దేశంలో ఉండొచ్చు. రాకపోతే పోయేదేమీ లేదు. ఇంతవరకు వేయలేదంటే ఈఏడీ ఉంది కదా అన్న ధీమాతోనే అయి ఉంటుంది. ఆ ధీమా మీ ప్రోవోస్ట్ చేతిలో ఉందని ఆయనకు గుర్తు చేయండి. మీ సంగతికొస్తే, యూనివర్సిటీ హెచ్1బీకి లాటరీ లేదు. ఇంకో యూనివర్సిటీకైతే ఏ నెలలోనైనా మారొచ్చు. కంపెనీకి వెళ్లాలంటే మాత్రం, ఇదివరకు లాటరీలో నెగ్గి ఉండకపోతే, మీరూ లాటరీలో పడాల్సిందే. ‘అనలిటిక్స్ తెలుసు కదా, ఏదో ఒక కంపెనీలో దొరుకుతుందిలే’ అనే స్నేహితులకు ఇది తెలియదు.

మీ అసలు ప్రశ్న ఇప్పుడు తీసుకుంటాను. ఆగుతూనే వెతకండి. ఇది గోడమీద పిల్లివాటం అనుకోకండి, నాలుగో ఏట అందరూ చేసే పనే. మార్కెటింగ్‌లో ప్రకటనలు వేసవిలో మొదలై, ఆగస్టులో జరిగే అమెరికన్ మార్కెటింగ్ అసోసియేషన్ (ఏఎంఏ) సమావేశం చుట్టూ ఇంటర్వ్యూలు, ఫాల్‌లో క్యాంపస్ విజిట్లు నడుస్తాయి. ఈ ఏడు సీజన్ చివరికి వచ్చింది. టీచింగ్ ఎక్కువగా ఉండే స్కూళ్లు మాత్రం వసంతం దాకా ప్రకటనలు వేస్తూనే ఉంటాయి. ఈ ఏడాది మూడు నాలుగు చోట్ల పెట్టి నీళ్ల లోతు చూసుకోండి, వచ్చే వేసవికి గట్టిగా దిగండి. ఎక్కడైనా పిలిస్తే జీతం కంటే ముందు రెండు అడగండి. ఇక్కడి నాలుగేళ్లలో ఎన్నేళ్లు టెన్యూర్ గడియారంలో కలుపుతారు? గ్రీన్‌కార్డు ఎప్పుడు వేస్తారు? రెండూ ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. ఫోన్లో డీన్ ఇచ్చిన మాట ఆ డీన్‌తోనే వెళ్లిపోతుంది. బిజినెస్ స్కూళ్లలో డీన్లు ఎక్కువ కాలం ఉండరు.

చైర్ విషయంలో ద్రోహం అనే మాట తీసేయండి. ఆరేళ్లు టెన్యూర్ కమిటీలో కూర్చున్నాను, కొన్నాళ్లు చైర్‌గానూ చేశాను. నా దగ్గర పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్లలో మార్కెట్ చూడనివాడు ఉన్నాడని నేను ఏనాడూ అనుకోలేదు. అప్లికేషన్ పెట్టగానే చెప్పక్కర్లేదు. క్యాంపస్‌కి పిలుపు వస్తే, వేరేవాళ్ల నోట విననీయకుండా మీరే వెళ్లి చెప్పండి. రెఫరెన్సులు మీ పీహెచ్‌డీ గైడు, సహరచయితల నుంచి తీసుకోండి. మంచి చైర్ అయితే ఆ ఆఫర్‌ని పట్టుకుని డీన్ దగ్గరకెళ్లి మీ కోసం ఏదో ఒకటి రాబడుతుంది. ఆవిడకూ బేరమాడటానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. డీన్‌ని అయితే మాత్రం ‘నా ఉద్యోగం ఉంటుందా’ అని అడగకండి. ఉంటుందనే అంటాడు, ఆ మాటకు విలువ లేదు. ‘నా ఈబీ1బీకి కాలేజీ సంతకం పెడుతుందా’ అని అడగండి. సంతకం పెట్టడానికి వెనకాడితే మీ జవాబు మీకు దొరికినట్టే.

నాన్నగారికి చెప్పడం కొంచెం కష్టమే. ఆయన తరానికి పర్మనెంట్ అంటే రిటైర్మెంట్ ఆర్డరు దాకా, ఆ తర్వాత పెన్షన్ దాకా వచ్చే మాట. అయితే ఆయన కాలేజీ స్టాఫ్‌రూమ్‌లోనే పక్క కుర్చీలో కాంట్రాక్టు లెక్చరర్ కూర్చుని ఉంటాడు, అదే సిలబస్, అవే పేపర్లు దిద్దడం, ఏటా రెన్యువల్ ఆర్డరు కోసం ఎదురుచూపు. ‘టెన్యూర్ వచ్చేదాకా నేను ఆయన కుర్చీలో ఉన్నాను నాన్నా, వచ్చాక మీ కుర్చీలోకి వస్తాను, ఆ కుర్చీకి కూడా ఇక్కడ ఒక కాలు కొంచెం ఊగుతుంది’ అని చెప్పి చూడండి. ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

ఇండియాకి వచ్చేద్దామన్న ఆలోచన మీరు రాయలేదు గానీ, ఎవరో ఒకరు అనే ఉంటారు. ఐఐఎంలలో, విశాఖ ఐఐఎం కలుపుకుని, రెగ్యులర్ పోస్టు 65 ఏళ్ల దాకా. జీతం ప్రభుత్వ స్కేలు. హైదరాబాద్ ఐఎస్‌బీ అమెరికా పద్ధతిలో టెన్యూర్ ట్రాక్ నడుపుతుంది, అక్కడా పేపర్ల లెక్కే. మంచి చోట్లే. వెళ్లాలనిపిస్తే ఇష్టంతో వెళ్లండి, భయంతో మాత్రం వెళ్లకండి. ఎందుకంటే 2025 సెప్టెంబరులో వచ్చిన ఆదేశంతో, దేశం బయట ఉన్నవాళ్లకి కొత్త హెచ్1బీ వేయాలంటే యజమాని లక్ష డాలర్లు కట్టాలన్నారు. ఏడాది చూసి తిరిగొద్దాం అనుకుంటే ఏ స్టేట్ యూనివర్సిటీ అంత పెడుతుంది? ఆ ఆదేశం ఇవాళ ఏ స్థితిలో ఉందో ఆ గంటలోనే లాయరుని అడిగేయండి.

ఈ రాత్రి నిద్ర పట్టకపోతే, పడుకుని సీలింగ్ చూసే బదులు లేచి ఫ్యాకల్టీ హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ దించుకుని, పేరులో ఇవాళ్టి తేదీ పెట్టి మీ సొంత మెయిల్‌కి పంపుకోండి. ఆఫీసు మెయిల్‌కి వద్దు, ఉద్యోగం ఆగిన రోజున ముందు ఆగేది అదే. హ్యాండ్‌బుక్‌లు ఆన్‌లైన్‌లో చెప్పాపెట్టకుండా మారుతుంటాయి, మీరు చేరిన ఏటి కాపీ దొరికితే అదీ దాచుకోండి. నోటీసు పేజీలో 12 నెలలని ఉందో లేదో చూసి నాకు మళ్లీ రాయండి.